పేపరెక్కిన తాళం

దగ్గరికి జరిగి కూర్చోండి, చెప్తాను. కోయిలకుంట్ల టీ అంగట్లో తిమ్మయ్య పేపరు చదువుతుంటే, పల్లె నుంచి వచ్చిన, అక్షరం రాని రాహేలమ్మ అందులోని ఫొటో చూసి ఆగిపోయింది.

"తిమ్మప్పా, అది మా ఇంటి తలుపు! ఏమని రాసినారు?"

"ప్రత్యేక కథనం పెద్దమ్మా. వానల్లేక మీ పల్లె పల్లే వలసపోయింది, ఒక్కరూ మిగల్లేదని రాసినారు."

"ప్రత్యేకమంటే?"

"రోజూ వచ్చే వార్తంటే నిన్న జరిగింది. ఇదైతే విలేకరి ఊరికిపోయి, చూసి, ఏండ్ల సంగతి విచారించి రాసేది. అందుకే జనం నమ్ముతారు."

"చూసి రాసినాడా? మరి నేను యాడ పోయినా?"

"తలుపుకు తాళముండాది కదా."

"ఆదివారం వచ్చినట్టుండాడప్పా! ఊరిబయట చర్చిలో ఉంటి."

"ఊర్లో ఎవరూ లేకుండా ఆరాధనెవరు చేస్తారు?"

"నేనే. పాట నేనే పాడతా, ఆమెన్ నేనే అంటా."

"దొంగలు గూడా రాని ఊర్లో తాళమెందుకు పెద్దమ్మా?"

"ఎగతాళి సాలించు. నెలకొకతూరి పాస్టరయ్య వచ్చి ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇస్తాడు. ఆయనా ఈ పేపరే చదువుతాడు. మనుషుల్లేని ఊరికి ఇంగెందుకొస్తాడు?"

తిమ్మయ్య నవ్వు ఆగిపోయింది. ఫోను తీశాడు.

"అయ్యకు ఏమని చెప్పాల?"

"రాహేలు ఉండాదని చెప్పు. ఆ రాసినాయనకు గూడా చెప్పు, తాళం చూస్తే సాలదు, ఒకతూరి గట్టిగా పిలిచి చూడాల అని."

ఇది మరచిపోకండి. ఆ పల్లెలో ఎవరూ లేరని ఎవరన్నా అంటే, రాహేలమ్మ ఉందని మీరు చెప్పండి.