ముక్కల గౌను పుస్తకం, మా నాన్న వేలిముద్ర

నా పేరు షేక్ నస్రత్. తండ్రి పేరు హయాత్. వయసు ముప్పై. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా నాన్న ఇదే ఊరి బజారులో ఆడవాళ్ల బట్టలు కుట్టే దర్జీ. నన్నెవరూ పిలిపించలేదు. నా అంతట నేనే స్టేషనుకు వచ్చి ఎస్సై గారి ముందు ఈ సంగతులు చెబుతున్నాను.

పోయిన వేసవిలో ‘ముక్కల గౌను’ అనే పుస్తకం అచ్చువేయించాను. నా చిన్నతనం గురించి, నా బట్టల సోకు గురించి నవ్వొచ్చేట్టు రాశాను. నా గౌనుకు ఒక చెయ్యి పంతులమ్మ గారి జాకెట్టుది, రెండో చెయ్యి కాంపౌండరు గారి భార్య పరికిణీది. నన్ను చూస్తే వీధిలో ఎవరు ఏం కుట్టించుకున్నారో తెలిసిపోయేది. ఇంతవరకు నిజం. ఆ ముక్కలు ఎలా వచ్చాయన్న చోట అబద్ధం రాశాను. ‘మా నాన్న కొలత తీసేటప్పుడే బెత్తెడు మింగేవాడు, కత్తెరకు కూడా తెలియనిచ్చేవాడు కాదు’ అని రాశాను.

మా నాన్న ఎవరి గుడ్డా మింగలేదు. మిగిలిన ముక్కను చుట్టి, కుట్టిన బట్ట మడతలో పెట్టి ఇచ్చేవాడు. ఆడవాళ్లే దాన్ని తీసి, “తల్లి లేని పిల్ల, దానికి గౌను కుట్టు హయాతూ” అని తిరిగి ఇచ్చేవాళ్లు. ఇలా రాస్తే చదివేవాళ్లకు నవ్వు రాదు, జాలి వస్తుంది. నామీద జాలి పడితే నాకు ఒళ్లు మంట. అందుకని మార్చాను.

ఉత్తరాలు వచ్చాయి. ఒంగోలు నుంచి ఒకావిడ కడుపు చెక్కలయ్యేలా నవ్వానని రాసింది. చీరాల నుంచి ఒకాయన “మీ నాన్నగారి కత్తెరకో దండం” అని రాశాడు. మా నాన్నకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను. కత్తెర మాటకు ఆయన కూడా నవ్వాడు. “బాగా రాశావమ్మా” అన్నాడు. నాకు సిగ్గు అప్పుడే రావాల్సింది. రాలేదు.

మా ఊళ్లోనూ చదివారు. పక్కవీధి సుబ్బరావమ్మ గారు జాకెట్టు గుడ్డ ఇచ్చి, కత్తిరించడం అయ్యేదాకా బల్ల దగ్గరే నిలబడ్డారు. నా చిన్నప్పుడు పచ్చపూల ముక్క చేతిలో పెట్టింది ఆవిడే. “ఏమోనయ్యా, మీ అమ్మాయే రాసిందిగా” అన్నారు. తర్వాత అందరూ అలాగే నిలబడటం మొదలుపెట్టారు. మా నాన్న వాళ్లకు స్టూలు వేసేవాడు.

నిన్న మంగళవారం, 16-09-2003, పొద్దున పదకొండింటికి యలమందయ్య గారు కొట్టుకు వచ్చారు. ఆయన మిరప రైతు. వారం కిందటే కూతురు శ్రీదివ్య ఓణీల ఫంక్షనుకు పట్టుగుడ్డ ఇచ్చి, జాకెట్టుకు అంచు కలవాలని, చేతులు మోచేతి దాకా ఉండాలని చెప్పి వెళ్లారు. అంచు కలిపేసరికి చేతులకు గుడ్డ చాలలేదు. మా నాన్న ఆ మాటే చెప్పాడు. నిరుడైతే నమ్మేవారు.

“చాల్లేదా, మింగావా? నీ కూతురు పుస్తకంలో అచ్చేయించలా?” అని యలమందయ్య గారు కేకలేశారట. కొలబద్ద లాక్కుని విరగ్గొట్టారట. స్కూలుకు కబురొచ్చి నేను పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ ఈ స్టేషనులో ఉన్నారు. నా పుస్తకం ఎస్సై గారి బల్ల మీద తెరిచి ఉంది.

గుడ్డ తీశావా అని ఎస్సై గారు అడిగారు. “మా అమ్మాయి టీచరండి. అబద్ధం రాయదు. రాసిందంటే నేను తీసే ఉంటానండి” అన్నాడు మా నాన్న. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన నన్ను చూశాడు. నేను నోరు తెరవలేదు. నా పుస్తకం అబద్ధమని నలుగురిలో చెప్పాలంటే చచ్చేంత చిన్నతనం అనిపించింది. కాగితం మీద ఆయన చేత వేలిముద్ర వేయించారు. కత్తెర పట్టి పట్టి అరిగిన వేలు, గీతలు పడలేదని రెండోసారి కూడా వేయించారు. రెండోసారీ నేను మాట్లాడలేదు.

ఎస్సై గారూ, ఆ కాగితంలో మా నాన్న ఒప్పుకున్న తప్పు ఆయన చేయలేదు. దాన్ని కొట్టేసి దీన్ని పెట్టుకోండి.

నేను చెప్పింది రాసుకున్న స్టేషను రైటరు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. గౌను చేతుల దగ్గర కానిస్టేబులు గారు నవ్వారు. నవ్వించడానికి ఇందులో నేను ఒక్క మాటా కలపలేదు. జరిగింది జరిగినట్టే ఉందని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

షేక్ నస్రత్
17-09-2003, సత్తెనపల్లి