శాంతక్క కార్డుల కట్ట

ఏందే మానసా, గా లాప్‌టాప్‌ల ఒక్క బటన్ ఒత్తి చాయ్ తాగవడ్తివి? కంపైలైతుందా? దానంతటదే? మంచిది. గది అయ్యేలోపట నీకు శాంతక్క ముచ్చట జెప్త, కూసో. ఎవలంటవేందే, మన ఊరు ఏర్గట్ల శాంతక్కనే. పసుపు రైతు బిడ్డ. లెక్కలల్ల ఎమ్మెస్సీ జేసి, హైద్రాబాద్ల మీ తాత, అంటె నేనే, పనిజేసిన కంప్యూటర్ సెంటర్లనే ప్రోగ్రామరయ్యింది. నేను ఆపరేటర్ను. డెబ్బయిలల్ల మాట. మిషినంటె గిట్ల ఒళ్లె వెట్టుకునేది గాదు బిడ్డ, మన మార్కెట్ యార్డుల షెడ్డంత అర్ర, లోపట ఏసీ చలికి మేం స్వెట్టర్లేసుకునేది. ప్రోగ్రాం అంటె బొక్కలు గొట్టిన అట్టకార్డులు, ఒక్కో లైనుకు ఒక్కో కార్డు. ఒకపారి మాతోటి ఆపరేటర్ లింగం గాడు కట్ట కిందేసి వరుసంత చెదరగొట్టిండు సూడు, వాని మొకం... సరే, గది వేరే ముచ్చట.

ఏం జెప్తున్న? ఆఁ. గప్పుడు ప్రోగ్రాం నడవాల్నంటె ముందుగాల కంపైల్ జేయాలె, అంటె మనం రాసింది మిషిన్ బాసలకు మార్చాలె, గటెన్క మిగతా ముక్కలతోని కలపాలె, గప్పుడు నడిపించాలె. మెట్టుమెట్టుకు ఒకలు మిషిన్ కాడ నిలవడి కార్డులు పెట్టుడే. అక్కకేమొ ఇంట్ల చిన్న పిల్ల, భూమిక. పెనిమిటికి రైల్వేల నౌకరి, ఊర్లు దిరుగుడు. పిల్లను పక్కింటామె కాడ ఇడిసి వస్తుండె. పొద్దూకినా అక్క వంతు రాకపోతుండె. ఇంటికి వోయేసరికి పిల్ల పండుకునేది. ఒకనాడు నన్ను పిలిచి, "తమ్మీ, ఏ పనెన్క ఏ పనో మిషిన్‌కు ముందే జెప్పి ఇడిసిపెడితె, మనమెందుకు నిలవడాలె?" అన్నది. గప్పుడే కొత్త ఆపరేటింగ్ సిస్టం వచ్చింది, గసొంటి హుకుం కార్డులు దాంట్ల ఉండె, మావోళ్లు సరిగ వాడలే. మా ఆఫీసర్ దేవిదాస్ సార్ నవ్విండు. "నువ్వు ఇంటికి వోతె మిషిన్ పని జేస్తదా? గదేమన్న నీ చుట్టమా అమ్మా?" "చుట్టం గాదు సార్, చెప్తె ఇంటది. చుట్టాలు ఇనరు" అన్నది! గసొంటి నోరు.

మొదటిపారి దెబ్బతిన్నది. ప్రోగ్రాంలన్ని వరుసగ పేర్చి ఇడిసింది. నడుమ ఒకదాంట్ల తప్పుండె, కంపైల్ ఫెయిలయింది. మిషిన్ గది పట్టించుకోక దాని పాత ప్రోగ్రాంనే నడిపింది. మా సెంటర్ల లెక్కగట్టే పరీక్షల మార్కులు పాత లెక్కతోని అచ్చయినయ్. సార్ అందరి ముంగట గరమైండు, "రేపటికెల్లి చేతులతోనే!" అని. అక్క ఏడ్వలే. మిషిన్ అచ్చుగొట్టిన కాయితమంత కింద పరిచి, మోకాళ్ల మీద కూసోని సదివింది. "ఫెయిలైతె ఆగుమని నేను చెప్పలే గద తమ్మీ" అన్నది. మళ్ల రాసింది. ముందు మెట్టు ఏమన్నదో చూడు, ఖరాబైతె దాన్నిడిసి తర్వాతి ప్రోగ్రాంకు పో, ఖరాబైనయి వేరే అచ్చు గొట్టు. గంతే.

గటెన్క సిస్టం మళ్ల మారింది. ప్రోగ్రాంలన్ని కొత్తగ కంపైల్ జేయాలె, రిజల్ట్స్ కోసం పిల్లలంత ఎదురుచూస్తున్నరు. చేతులతోని అయ్యే పని గాదు. దేవిదాస్ సారే వచ్చిండు. "శాంతా, గా నీ కట్ట నడుస్తదా?" "నడుస్తది సార్." "తప్పు రాదా?" "వస్తది. వస్తె ఏడొచ్చిందో చెప్తది." నాకు గుబులైంది బిడ్డ. "అక్కా, గిది నడిస్తె మా ఆపరేటర్లకు ఏం పని?" అంటె, "గీ కార్డులు ఎవలు రాయాలె? రేపు నా పక్కన కూసో" అన్నది. నేర్పింది గూడ. నేను ప్రోగ్రామరైంది గట్లనే. గా దినం అక్క కార్డులు మిషిన్ల వెట్టి, సంచి భుజానేసుకోని, ఎండ ఉండంగనే ఇంటికి వోయింది. తెల్లారి చూస్తె అన్నీ అయినయ్. మిగిలినయి కొన్నే, ఏడ తప్పో రాసి మరీ ఉన్నయ్, పగటాల్లకు సరిజేసినం. సార్ ఆమెకు చాయ్ తనే తెచ్చి టేబుల్ మీద వెట్టిండు. ఎవలికీ తెచ్చేటాయన గాదు.

ఇగ అక్క పొద్దూకే యాళ్లకు సంకల పిల్లనేసుకోని పార్కుల దిరుగుతుండె. మస్తు సంబురపడ్డది గా దినాలల్ల. ఎక్కువ దినాలు గాదు బిడ్డ. రొమ్ముల గడ్డ. నేను దవాఖానకు వోయి, "అక్కా, నువ్వు లేకున్నా మిషిన్ మంచిగ నడుస్తుంది, ఫికర్ జేయకు" అన్న. ఆమె సంబురపడ్తదనుకున్న. "గది నడుస్తది తియ్ తమ్మీ" అన్నది. గటెన్క నన్నడిగింది, "భూమికకు జడ ఎవలేస్తున్నరు?"

...నీది అయినట్టుంది సూడు. లాప్‌టాప్ మోత ఆగింది. చూస్కోపో.