చక్రం మీద చొక్కా

ఏదీ, ఫోను ఇటు తిప్పు చూద్దాం. ఊఁ, నేను పనిచేసిన పార్కులో బంగళాయే. అబ్బో, మెట్లకి తాళ్ళు కట్టారే! టికెట్టు కొనుక్కుని వెళ్ళినవాళ్ళని తాడుకి ఇవతలే నిలబెడతారటమ్మా? మా రోజుల్లో కాళ్ళకి గుడ్డసంచులు తొడుక్కుని గదులన్నీ తిరిగేవాళ్ళు. ఆ సంచులు ఉతికిందెవరనుకున్నావ్? నేనే. నేల తుడవడం, అద్దాలు తుడవడం, సంచులు ఉతకడం. సరే, పక్కది జరుపు. ఇది... ఇది పెద్ద ఫౌంటెనా? తీసెయ్ తల్లీ, తీసెయ్. నవ్వకు. ఎనభై దాటాక నీళ్ళంటే భయమేమిటి అంటావు. మీ తాత సంగతి నీకెవరూ చెప్పలేదు కాబట్టి నవ్వుతున్నావు.

మీ తాత నాకు బావ కదూ, మా అక్క మొగుడు. పార్కులో అందరూ ఆయన్ని నీళ్ళాయన అనేవాళ్ళు. ఫౌంటెన్‌లో లేచిన నీళ్ళు తొట్టిలో పడి, నేల కింద ఇటుక సొరంగంలోంచి దిగువ కొలనులోకి పోతాయి. ఆ సొరంగంలో ఆకులూ మట్టీ పేరుకుంటే తీసేది మీ తాతే. బోర్లా పడుకుని పాకాలి, వెనక్కి తిరగడానికుండదు. నన్నొకసారి రమ్మన్నాడు, "ఏం బావమరిదీ, చల్లగా ఉంటుందిరా" అని. తల దూర్చానో లేదో, ఊపిరాడక బయటపడ్డాను. నాకు పుట్టుకతోనే పిరికితనం, దాచుకోవడమెందుకు. ఆయన మాత్రం ప్రతి సోమవారం, పార్కుకి సెలవు గనక, చొక్కా విప్పి ఫౌంటెన్‌కి నీళ్ళు వదిలే ఇనప చక్రం పక్కనే ఉండేది, దానికి తగిలించి లోపలికి పోయేవాడు. చొక్కా ఉన్నంతసేపూ చక్రం ఎవరూ ముట్టుకోకూడదు. కాగితం మీద రాసిన రూల్ కాదది. పనివాళ్ళందరికీ తెలుసు, అంతే.

ఒక సోమవారం చెప్పాపెట్టకుండా ఎవరో పెద్దవాళ్ళు కుటుంబాలతో బంగళా చూడ్డానికొచ్చారు. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నన్ను పిలిచి, "ఏమిటయ్యా ఆ మాసిన చొక్కా? వాళ్ళు ఫొటోలు తీసుకోరూ? తియ్ ముందు!" అన్నాడు. మా బావ లోపలున్నాడు సార్ అనాలి. నాలుగే ముక్కలు. నోరు పెగల్లేదమ్మా. ఆయన అరిస్తే నాకు నాలుక పిడచకట్టుకుపోయేది. తీశాను. పనిముట్ల గదిలో పడేసి, పరిగెత్తుకొచ్చి చక్రం దగ్గర నిలబడదాం, ఎవరినీ ముట్టుకోనివ్వద్దు అనుకున్నాను. ఇంకా గది గడప దాటలేదు, చప్పట్లు వినపడ్డాయి.

చప్పట్లంటే తెలుసుగా? ఫౌంటెన్ లేచిందన్నమాట. తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఆడవాళ్ళూ పిల్లలూ ఓ అని కేకలు. చొక్కా చేతిలో పట్టుకునే పరిగెత్తాను. మేనేజరు తిప్పమంటే తోటమాలి చక్రం తిప్పేశాడు, చొక్కా లేదు కదా మరి. "ఆపు! లోపలున్నాడు!" అని నేనరుస్తుంటే ఆ సందట్లో వినేదెవరు? నా కాళ్ళ కింద నేల గుడగుడమంటోంది. ఆ గుడగుడ ఇప్పటికీ... సరే. చొక్కా జల్లు పడనంత దూరంలో విసిరేసి నేనూ తోటమాలీ కలిసి చక్రం వెనక్కి తిప్పాం. తోటమాలి "అయ్యో నీళ్ళాయనా" అంటూ కొలనువైపు పరిగెత్తాడు. అందరూ అతని వెనకే.

నేను పోలేదు. పోయి ఏం చూడాలి? అక్కకి ఏం చెప్పాలి? ఆమెకప్పుడు ఏడో నెల, కడుపులో మీ నాన్న. ఒక్కణ్ణే నిలబడ్డాను. నిలబడి ఏం చేశానో తెలుసా? ఆ చొక్కా తీసి, దులిపి, మళ్ళీ చక్రానికి తగిలించాను. నా చేతులే చేశాయి, నిజం. కాదులే. నేనే చేశాను.

బతికే ఉన్నాడు, కొలనులోంచి తీసి ఫౌంటెన్ దగ్గరికి మోసుకొచ్చారు. వీపంతా చెక్కుకుపోయింది, రెండు గోళ్ళు లేవు, నీళ్ళు కక్కుతున్నాడు. తోటమాలి ఏడుస్తూ, "చొక్కా లేదు సార్, నా పిల్లల మీద ఒట్టు" అంటాడు. మేనేజరు చక్రం వంక చూశాడు. నా వంక చూశాడు. నేను తేలుకుట్టిన దొంగలా కదల్లేదు. ఆయన గొంతు సర్దుకుని, "అదిగో వేలాడుతోందిగా, కళ్ళు లేవూ నీకు?" అన్నాడు. ఆ సాయంత్రమే తోటమాలి పెళ్ళాంపిల్లల్ని, మూటల్ని తీసుకుని గేటు దాటాడు.

మీ తాత చలికి వణుకుతూ "నా చొక్కా" అన్నాడు. తెచ్చిచ్చాను. తొడుక్కోబోతూ చొక్కా చెయ్యి తడిమి చూశాడు. ఫౌంటెన్ జల్లుకి చక్రం తడిసింది, అక్కడ నిలబడ్డవాళ్ళందరూ తడిసిపోయారు. చొక్కా మాత్రం, చక్రానికి తగిలిన కాలరు తప్ప, పొడిగా ఉంది. నావైపొకసారి చూశాడు. నెల తర్వాత మళ్ళీ పనిలోకొచ్చాడు. సొరంగం ముందు చొక్కా విప్పాడు, చక్రానికి తగిలించలేదు. నాకిచ్చి, "వేసుకో. నేను బయటికొచ్చేదాకా విప్పకు" అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి సోమవారం అంతే. పదకొండేళ్ళు ఆయన చొక్కా తొడుక్కుని, ఊపిరి బిగబట్టుకుని అక్కడే నిలబడ్డాను. తెలిసీ నన్ను కడుపులో పెట్టుకున్నాడు, పెళ్ళాం తమ్ముణ్ణని. అక్కకీ చెప్పలేదు. మేనేజరుకీ చెప్పలేదు.

ఆఁ? తోటమాలా? తోటమాలి ఏమయ్యాడంటే...

ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యమ్మా. గాలి కొడుతోంది.