పేపర్ల మన ఫోటో

"నాయినమ్మా, ఇబ్రహీంపట్నంల మనదే ఒక పేపర్ అచ్చయ్యేదంట గదా, జర చెప్పవా?"

గా పేపరా? అవ్ బిడ్డా, రోజూ వచ్చేది. రూపాయికి. అప్పుడు చాయ్ గూడ… లే లే, చాయ్ రెండ్రూపాయలు. చాయ్ కన్న అగ్గువనే గాని ఎవలూ కొనకపోదురు. ఆ ఎడిటరు మస్తు తెలివిగల్లోడు. మనిషి తన మొఖం అచ్చయితెనే పేపర్ కొంటడని కనిపెట్టిండు. ఇగ గణపతిని కూసోవెట్టినా, బోరు ఏసినా, ఒక్క ఫోటోల ఇరవై మందిని నిలవెట్టేటోడు. వార్త ఇంతంత. మిగిలినదంత మొఖాలే.

గప్పుడే మా కుంటలకు నీళ్లొచ్చే కాలువను, ప్లాట్లు చేసి అమ్మే వెంచరోళ్లు మట్టి వోసి పూడ్సిన్రు. నీళ్లు లేకుంటె చేపలేడికెల్లి వస్తయ్? చేపలు లేకుంటె మాకు బువ్వేడిది? మీ తాత, ఇంక మన చేపలు పట్టేటోళ్లందరు పోయి ఎడిటరుకు చెప్పుకున్నరు. "అందర్నీ తీస్కరా పెద్దనాయినా, ఫోటో పెద్దగ ఏస్త" అన్నడు.

పోయినం. నేను పెండ్లి చీర కట్టిన, నవ్వకు. మీ తాత కొత్త రుమాలు సుట్టిండు. పూడ్సిన కాలువ మీదనే నిలవడ్డం. ఎనక వెంచరోళ్ల కమాను, రంగురంగుల జెండలు. "నవ్వున్రి, ఏడుపు మొఖాలు పేపర్ల మంచిగ రావు" అన్నడు ఎడిటరు. పండ్లన్నీ కనవడేటట్టు నవ్వినం.

తెల్లారి ఒక్క పేపర్ మిగల్లే. మాకు సదువు రాదాయె, మొఖాలు చూస్కొని మురిసినం. మీ తాత గంజి పెట్టి గోడకు అంటిచ్చిండు. మీ అమ్మ గప్పుడు కొత్త కోడలు, పది సదివింది. గోడ దిక్కు చూసి, "అత్తమ్మా, కింద 'వెంచర్ ప్రారంభోత్సవానికి తరలివచ్చిన గ్రామస్థులు' అని రాసిన్రు" అన్నది.

మీ తాత పోయి ఎడిటరును నిలదీస్తె, "ఫోటో ఏస్తనన్న, ఏసిన. అందరి మొఖాలు కనవడ్డయా లేదా?" అన్నడంట. ఆ పేజీల కింద సగం వెంచరోళ్ల అడ్వర్టైజే. కాలువ మళ్ల తవ్వియ్యమని సర్కారు ఆఫీసరు కాడికి పోతె గదే పేపర్ మా ముందట పెట్టిండు. "మీరే గింత సంబురంగ ఉన్నరు, నేనేం జెయ్యాలె?" అన్నడు.

ప్లాట్లన్నీ అమ్ముడువొయినంక అడ్వర్టైజులు బందు, పేపరూ బందు. కాలువ మాత్రం మళ్ల రాలే. మీ తాత వల బుజానేసుకొని ఎండిన కుంట కాడ ఊకె కూసునేటోడు. యాదికొస్తె ఇప్పటికీ ఏడుపొస్తది బిడ్డా. నేనేమో ఏడికెల్లో ఐసు డబ్బలల్ల వచ్చే చేపలు అమ్ముకుంట…

పోనీ తియ్. మంచిగ సదువుకో, సల్లగుండు. ఏందది, ఫోన్ల నా ఫోటో తీస్తున్నవా? తియ్యి. కింద ఏం రాస్తవో ముందుగాల సదివి ఇనిపియ్యి, అప్పుడు నవ్వుత.