అత్తగారైనా అంతే

బాల్కనీలో ఆరిన దుప్పటిని అత్తాకోడళ్ళు చెరో కొస పట్టుకుని మడతపెడుతున్నారు. స్టూలు మీద కోడలి ఫోను మాటిమాటికీ మోగుతోంది.

"అత్తయ్యా, నేను మళ్ళీ ఉద్యోగాని..."

"ముందు ఆ ఫోను సంగతి చెప్పు. ఏంటా గోల?"

"ఎన్నికలు అత్తయ్యా. ఆన్‌లైన్ ఆట. ఎక్కడెక్కడి వాళ్ళమో కలిసి ఒక ఉత్తుత్తి దేశాన్ని నడుపుతాం. అందులో శాసనసభ స్పీకర్ పదవికి నిలబడ్డాను."

"నిలబడితే మంత్రి పదవికి నిలబడాలి గానీ, స్పీకరుకి ఓటైనా ఉంటుందా?"

"రెండు వైపులా సమానమైతేనే ఉంటుంది."

"మరి నీకేం ఒరుగుతుందే?"

"ఎవరు ఎప్పుడు మాట్లాడాలో నేనే చెప్తాను. నేను పిలిచేదాకా ప్రధానమంత్రైనా సరే..."

"ఇంట్లో నోట్లో నాలుక లేనట్టుంటావు. నువ్వు వాళ్ళని అదుపులో పెడతావా?"

"అక్కడ నా మాట పూర్తయ్యేదాకా వింటారు అత్తయ్యా."

"వినకుండా మధ్యలో దూరితే?"

"ఒకసారి హెచ్చరిస్తాను. అయినా ఆగకపోతే మైకు కట్ చేస్తాను."

"పెద్దవాళ్ళకైనా?"

"అక్కడ ఎవరి వయసూ ఎవరికీ తెలీదు. నా మీద పోటీ చేస్తున్నది ఏ తాతగారో, ఏ స్కూలు పిల్లాడో!"

"అత్తగారైతే?"

దుప్పటి ఇద్దరి మధ్యా సగం మడతలో ఆగిపోయింది.

"అత్తగారైనా అంతే అత్తయ్యా."

"అమ్మో, నా మొహం మీదే అనేశావే! అయితే గెలుస్తావులే."

"ఏమో, ఇంకా సగం మంది..."

"చూశావా, మళ్ళీ అడ్డొచ్చాను. ఇందాక ఉద్యోగమంటూ ఏదో మొదలుపెట్టావు కదా. చెప్పు, ఇప్పుడు మైకు నీదే."