బానెట్టు మీద తోడుకున్న పెరుగు

ఏర్పేడులో మునస్వామి ఇంటి ముందర పందిలి వేసినారు. తెల్లారితే ఆయన మనవరాలు భానుశ్రీకి తిరుచానూరు కల్యాణ మండపంలో పెళ్లి. ఆ సాయంత్రమే పిల్లని మండపానికి పిలుచుకొని పోవాల. ఏ కారులో అనేదే ఇంట్లో ఇంగా తెగలేదు.

పిల్ల నాయన అమర్‌నాథ్ తిరుపతిలో ఏసీ ఉండే బాడుగ కారు మాట్లాడి పెట్టినాడు. మునస్వామి ఏమో, సొంతానికి నా కారు ఉండంగా పిల్ల ఇంకోడి బండి ఎక్కితే నేను మండపం గడప తొక్కను పో అని కొడుకుతో తెగేసి చెప్పినాడు. అది ఎనభై ఆరో మోడలు పెట్రోలు బండి. అమర్‌నాథ్ పెండ్లామును పిలుచుకొని వచ్చింది దాంట్లోనే, భానుశ్రీని ఆసుపత్రి నించి పొత్తిళ్లలో తెచ్చింది దాంట్లోనే. ఇంగ అత్తగారింటికి దింపేది గూడా అదే కావాల, తోలేది నేనే కావాల అనేది ఆ ముసలాయన ఆశ. చిన్నప్పటి నించి పిల్లకి ఆ మాట చెప్పి చెప్పి పెంచినాడు.

ఆశ బాగానే ఉండాది గానీ, పొద్దన్నే బండి చేసిన భాగోతం వీధంతా సూసింది. సెల్ఫ్ కొడితే దగ్గింది, తుమ్మింది, గుక్క పట్టింది. చోకు లాగి, పెడలు తొక్కి, బతిమాలి బామాలి ఎట్లనో లేపినాడు. లేచిందే గానీ ఐడ్లింగులో, కదలకుండా ఊరక ఆడేటప్పుడు, నిలబడలేక చలిజ్వరం వచ్చినట్ల గడగడ వణికింది. బంపరుకి కట్టిన నిమ్మకాయలు తెగి కింద పడినాయి. ఆ పైన ఒక్క తూరి ఎగిరి ఆరిపోయింది.

"నాయనా, పెళ్లి పనిలో తమాషాలు వద్దు," అన్నాడు అమర్‌నాథ్. "నువ్వూ నేనూ కొట్లాడేది ఎందుకు, పాపనే అడగతాము. అది ఏ కారంటే ఆ కారు. బాడుగ కారాయనకి ఇప్పుడే చెప్పాల."

భానుశ్రీ తిన్నె మీద గోరింటాకు చేతులు ఆరబెట్టుకొని కూర్చోనుండాది. "రవంత ఆలోచన చేసుకోనీ నాయనా," అనింది. అమర్‌నాథ్ సరేనని వంటోళ్ల కాడికి పోయినాడు.

ఆ రవంత సేపే మునస్వామికి దొరికిన టైము. బండి చేసిన చెడ్డపేరుని నోటితోనే తుడిచేయాల. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకొని, భానుశ్రీ ఎదురుగా అరటి గెల పక్కన బాసింపట్టు వేసి కూర్చున్నాడు. వినేదానికి ఇద్దరుండారు: పక్కింటి గ్రేసీ, పెళ్లికూతురి రవికె కుట్లు సరిచేస్తా ఉండాది. ఎదురింటి గిరి, పందిలికి మామిడాకులు కడతా ఉండాడు.

"ఏమప్పా గిరీ, పొద్దన్నే నవ్వితివంట," అని మొదలుపెట్టినాడు. "బండి వణికేది రెండు రకాలు. రోగమొచ్చి వణికేది ఒకటి, సంబరం పట్టలేక వణికేది ఒకటి. పాప పెళ్లికి పోతాండామని నా బండికి సంబరం. అది గూడా తెలీకపోతే ఎట్ల?"

"రోగమో సంబరమో నీకెట్ల తెలిసింది అన్నా?"

"అట్ల అడుగు, చెప్తాను. తిరుచానూరులో లాడ్జి దేవరాజులు ఉండాడు గదా, ఆయన కారు సిగ్నలు కాడ నిలబడితే సాలు, ఎగిరెగిరి పడతా ఉన్నింది. సూసిన మెకానిక్కులంతా కార్బొరేటరు మార్చాల్సిందే అన్నారు. నేను పోయినాను. పొడుగు స్క్రూడ్రైవరు ఒకటి తీసుకొని, మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకొని విన్నాను, డాక్టరు గొట్టం పెట్టి సూసినట్ల. మూడు సిలిండర్లు పని చేస్తా ఉండాయి, మిగిలిన ఒక్కటీ సోమరిపోతు మాదిరి ఊరక కూర్చోనుండాది. దాని ప్లగ్గు ఊడదీస్తే మసి. తుడిచి బిగిస్తే బండి ఎగిరేది మాని గమ్మున ఆడింది. అంతే పని."

"ఇది నిజమే అయ్యుండచ్చు," అనింది గ్రేసీ, పంటి కింద సూది పెట్టుకొని.

నమ్మినారని తెలిసేతలికి మునస్వామికి ఎక్కడలేని ఊపు వచ్చేసింది. ఉన్న చోటనే ఇంకొంచెం ముందుకు జరిగినాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పేరు అట్ల పాకి పాకి తడ దాకా పోయింది. తడ కాడ మద్రాసోళ్ల కారొకటి నడిరోడ్డు మీద నిలిచిపోయింది, ఎంత సెల్ఫ్ కొట్టినా పట్టుకోదు. ఎవురో నా నెంబరు ఇచ్చినారు. నేను సంగటి తింటా ఉండాను. ఒక చేతిలో ముద్ద, ఇంకో చేతిలో ఫోను. 'బానెట్టు ఎత్తి ఫోను ఇంజను మీద పెట్టు సామీ' అన్నాను. పెట్టినాడు. విన్నాను. కార్బొరేటరు కింద గొట్టం పగిలి దొంగతనంగా గాలి పీలస్తా ఉండాది. 'పక్కన అరటి తోట ఉండాదా?' అంటే ఉండాది అన్నాడు. 'నార చీల్చి కట్టు' అన్నాను. కట్టినాడు. అబ్బా, బండి లేచింది సూడు, మద్రాసులో దిగాల్సినోడు ఆపేదానికి మనసు రాక పాండిచ్చేరి దాకా పోయి వచ్చినాడంట."

గిరి మామిడాకు చేతిలో పట్టుకొని అట్లే నిలబడినాడు. "బండి నిలిచిపోయింది అంటివి గదన్నా. ఆడని ఇంజనుకి శబ్దం యాడనించి వచ్చింది?"

"ఆడే ఇంజను శబ్దం ఎవుడైనా వింటాడప్పా," అన్నాడు మునస్వామి, ఆ అమాయకత్వానికి జాలిపడతా. "ఆడని దాన్ని వినేదే విద్య."

గ్రేసీ నవ్వు ఆపుకోలేక సూది తీసి రవికెకి గుచ్చింది. భానుశ్రీ నవ్వలేదు. వీధి చివర పిండిమిషను కాడ నిలబెట్టిన కారు వైపు సూస్తా ఉండాది. మునస్వామి అది కనిపెట్టినాడు. ఇంగ ఊరోళ్ల బండ్ల సంగతి లాభం లేదు, నా బండి సంగతే చెప్పాల అనుకొని గొంతు సవరించుకున్నాడు.

"ఊరోళ్ల బండ్లకే అంత చేసినోణ్ణి, నా బండికి ఎంత చేసుకొని ఉంటాను? దాని ఐడ్లింగు నేను సెట్ చేసిన కొత్తల్లో జరిగింది చెప్తా విను పాపా. మీ అవ్వ తిరుమలమ్మ పాలు తోడేసి, గిన్నె బానెట్టు మీద పెట్టి మరిచిపోయింది. నేను సూసుకోకుండా తిరుపతికి పోయినాను. రైలు గేటు కాడ నిలబడినాను, గుంతల్లో దిగినాను, సిగ్నళ్ల కాడ ఆడించి పెట్టుకొని కూర్చున్నాను. ఇంటికొచ్చి సూస్తే గిన్నె పెట్టిన చోటనే ఉండాది. పెరుగు గడ్డగా తోడుకోనుండాది. మీగడ మీద ఒక్క ముడత లేదు."

"ఆ ఎండకి పులిసిపోలేదా అన్నా?" అన్నాడు గిరి.

"పులుస్తుందనే గదప్పా దారి పొడుగునా బస్సు నీడలో తోలింది."

"గిన్నె ఉండేది సూసుకోలేదంటివే."

"గిన్నెను సూళ్లేదు. పెరుగు వాసన వచ్చింది," అన్నాడు మునస్వామి, రవంత గూడా తొణక్కుండా. "ఇది గూడా గొప్ప కాదులే. ఒక తూరి ఇంజను మొత్తం ఊడదీసి కిరసనాయిలులో కడిగి, చాప మీద ఎండకి పెట్టినాను. ఇంతలో వెనకింటి మునిచంద్రను పాము కరిచిందని కేకలు. ఇంగ ఆలోచన యాడిది, వాణ్ణి వెనక సీట్లో పండబెట్టి, దూకి ఎక్కి తాళం తిప్పినాను. ఒక్క తిప్పుకే పట్టుకుంది. కాళాస్త్రి ఆసుపత్రికి పోయినాము, సూది వేయించినాను, వాడు లేచి కూర్చొని టీ తాగినాడు, తిరిగి వచ్చినాము. ఇంటి కాడ దిగి సూస్తే ఏముండాది? ఇంజను చాప మీదనే ఆరతా ఉండాది."

గిరి మామిడాకులు వదిలేసి నిచ్చెన దిగినాడు.

"మరి బండి దేంతో పోయింది పెదనాయనా?" అనింది గ్రేసీ మెల్లగా.

"అలవాటు," అన్నాడు మునస్వామి.

గిరి నిచ్చెన పట్టుకొని నవ్వినాడు. గ్రేసీ ఒడిలో రవికె జారి పడింది. భానుశ్రీ గూడా గోరింటాకు చేతులు పైకెత్తుకొని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఆ నవ్వు సూసి మునస్వామి ఛాతీ రెండింతలైంది. గెలిచినాను అనుకున్నాడు. ఈ ఊర్లో ఇట్లాంటి కారు ఎవురికుండాది, ఇట్లాంటి తాత ఏ పిల్లకుండాడు అని మీసం మీద చెయ్యి వేసినాడు.

"ఇంగ చెప్పు మే. మీ నాయన తెచ్చే బాడుగ కారు కావాల్నా, ఇంజను లేకుండా గూడా పోయే మీ తాత కారు కావాల్నా?"

"చెప్తాను తాతా. ముందు ఒక మాట అడగతాను," అనింది భానుశ్రీ. "నాకు ఊహ తెలిసినప్పటి నించి సూస్తా ఉండాను, నువ్వు కారుని ఇంటి ముందర ఏ పొద్దూ నిలబెట్టవు. ఆ పిండిమిషను కాడ మిట్ట మీదనే, ముక్కు కిందికి పెట్టి నిలబెడతావు. సెల్ఫ్ పట్టకపోతే చక్రం కింద రాయి తీసి దొర్లిస్తావు, గేరులో వేసి లేపుకుంటావు. సాయంత్రం పొయ్యేదానికి మిట్ట ఉండాది, సరే. తిరుచానూరు మండపం ముందర అంతా సదును గదా. రేపు తాళి కట్టినాక నన్ను అత్తగారింటికి దింపాలంటే, బండిని యాడ దొర్లిస్తావు?"

గిరి మామిడాకుల వైపు తిరుక్కున్నాడు. గ్రేసీ సూదిలో దారం ఎక్కిస్తా తల ఎత్తలేదు. మునస్వామి తుండుగుడ్డ భుజం మీది నించి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నిన్ను నేనే దింపాలని ఆశ మే," అన్నాడు చిన్నగా. "అంతకంటే ఏం లేదు."

భానుశ్రీ కొంచేపు ఆయన మొగం సూసింది. "గ్రేసక్కా, నా చేతులు ఆరలేదు, ఆ ఫోను తీసి రూపేష్‌కి చేసి నా చెవి కాడ పెట్టు," అనింది. రూపేష్ అంటే పెళ్లికొడుకు. గ్రేసీ పెట్టింది.

"అలో, నేనే. రేపు మీ తరఫున బలంగా ఉండే మగోళ్లు నలుగురు కావాల... కొట్లాటకి కాదు. నేను మా తాత కారులోనే వస్తాను. మండపం కాడ అది లేవదు. నన్ను మీ ఇంటికి పిలుచుకొని పోవాలంటే మీవాళ్లు తోయాల... ఆ, నువ్వు గూడా. పట్టుపంచె ఎగ్గట్టుకో." ఆడ ఏమన్నాడో గానీ భానుశ్రీ నవ్వింది. అట్లే లోపలికి తిరిగి, "నాయనా, బాడుగ కారు వద్దని చెప్పేయి," అని కేక వేసింది.

మునస్వామి కళ్లు తుడుచుకొని తుండుగుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు. ఫోను ఇంగా పెట్టేయకముందే దాని పక్కకి వంగినాడు.

"నలుగురెందుకు మే, ఒకడు సాలని చెప్పు. వాడు గూడా తోసే పని లేదు, ఊరక చెయ్యి ఆనిస్తే సాలు."