బాబాయి కారు, మైకు నోరు

టీకొట్టు ముందు నీలం కారు ఆగి ఉంది. బాబాయి మంచి వయసులో ఉండగా ముచ్చటపడి కొనుక్కున్న కారు అది. ఏళ్ల తరబడి షెడ్డులో తుప్పుపట్టి, ఈమధ్యే వెలుగు చూసింది. దాన్ని బాగుచేసిన అన్నకొడుకుని అందరూ మైకు అంటారు. నోరు తెరిచాడంటే ఆపే స్విచ్చు ఎక్కడుందో ఎవరికీ దొరకదు.

బెంచీ మీద బాబాయి పక్కనే పాత ఇనుము వ్యాపారి కూర్చున్నాడు. కారుని తూకానికి ఇచ్చెయ్యమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. ఇవాళ ఏదో ఒకటి తేల్చమని వచ్చాడు. బాబాయి టీ ఊదుకుంటున్నాడే తప్ప ఔననలేదు, కాదనలేదు. మైకుకి మాత్రం దాన్ని తూకానికి పంపడం సుతరామూ ఇష్టం లేదు. నెలల తరబడి ఆ కారు కిందే వెల్లకిలా పడుకుని పనిచేశాడు మరి.

"మొదటిరోజు ఎక్కి కూర్చున్నానా, కాలు రేకులోంచి దిగిపోయి నేలకి తగిలింది," అని మొదలెట్టాడు. "కొత్త రేకు కోసి, నా చేత్తో నేనే వెల్డింగు చేశా."

అది నిజమే. కానీ ఎవరూ తలెత్తలేదు. టీకొట్టామె గ్లాసులు కడుక్కుంటోంది. వ్యాపారి ఆవలించాడు. ఉన్నదున్నట్టు చెబితే ఇక్కడ పని జరగదని మైకుకి అర్థమైపోయింది.

"ఇక తుప్పు గీకుతున్నానండీ, గీకుతున్నాను, గీకుతున్నాను, రాలింది బస్తాలకెత్తి తూస్తే కారుకంటే తుప్పే ఎక్కువ తూగింది!"

"కారులోంచి వచ్చిన తుప్పు కారుకంటే ఎక్కువెలా తూగుతుందయ్యా?" తూకాలవాడు కదా, ఉండబట్టలేకపోయాడు.

"అదే కదండీ నాకూ అంతుపట్టలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంజనుకి చెవి ఆనించా. లోపల ఎక్కడో చిన్న మూలుగు. మూలుగుతున్న ఆ భాగం ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యట్లేదు. పిన్ని గరిటె సాగదీసి బిగించా. తాళం తిప్పానో లేదో, వీధి వీధంతా కిటికీలు వాటంతటవే తెరుచుకున్నాయి!"

"గరిటె పోయిందని మీ పిన్ని గొడవ చేసింది, ఆ ముక్క నిజమే," అంది టీకొట్టామె.

ఆ ఒక్క సాక్ష్యం చాలు, మైకు రెచ్చిపోయాడు. "పెద్దరోడ్డెక్కా. పక్కన రైలు వెళ్తోంది. దాటేశా! రైలు నడిపేవాడు తల బయటపెట్టి, 'అన్నా, ఏ ఆయిలు పోస్తున్నావ్?' అని అరిచాడు. వెళ్లేకొద్దీ టాంకులో పెట్రోలు పెరుగుతోందండీ, తగ్గదే! నా నీడ ఎక్కడో వెనకబడి రొప్పుతోంది. ఆఖరికి ఇంటికొచ్చి చూద్దును కదా, గుమ్మంలో నేనింకా బయల్దేరడానికి చెప్పులేసుకుంటున్నా! 'తొందరపడకు, వెళ్లొచ్చేశాం' అని నాకు నేనే చెప్పా!"

బాబాయి గ్లాసు పక్కన పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"అంతా బాగానే ఉందిరా. అంత పరిగెత్తే బండిని, పొద్దున్న మన వీధినుంచి ఇక్కడిదాకా నాచేత ఎందుకు తోయించావు?"

టీకొట్టామె పడీపడీ నవ్వింది. అంతా అయిపోయిందనుకున్నాడు మైకు.

వ్యాపారి హుషారుగా లేచాడు. "అయితే నా లారీ పిలిపించమంటారా, ఎత్తుకుపోతాం?"

బాబాయి మోకాళ్ల మీద చేతులానించి లేచి, నెమ్మదిగా వెళ్లి కారు తలుపు తీశాడు. కొత్త రేకుని కాలితో ఒకసారి తట్టి చూశాడు. స్టీరింగు ముందు సర్దుకుని కూర్చున్నాడు.

"ఇన్నేళ్లూ ఇది తోసినా కదిలేది కాదండీ," అన్నాడు వ్యాపారితో. "ఒరే మైకూ, వెనక్కెళ్లి తొయ్యి. మీరు కూడానండీ, ఒళ్లు గట్టిగానే ఉందిగా, ఒక చెయ్యి వెయ్యండి."